సముద్రం ముందు, పట్నం తర్వాత

మొన్న స్టాఫ్‌రూమ్‌లో మా సైన్స్ టీచరు ఫోను పట్టుకుని నా పక్క కుర్చీలోకి జరిగింది. సెలవులకు మొగుడూ పెళ్ళామూ థాయ్‌లాండ్ పోతున్నారట. కొన్నాళ్ళు సముద్రం ఒడ్డున, కొన్నాళ్ళు బ్యాంకాక్ నగరం చూస్తూ గడపాలని ఆలోచన. ఏది ముందు, ఏది తర్వాత అన్న దగ్గర ఇద్దరికీ పొసగక వారం నుంచి ఇంట్లో పంచాయితీ నడుస్తోందట. మీరైతే ఏం చేస్తారు మేడమ్ అని అడిగింది. దిద్దుతున్న పేపర్ల మీంచి తల ఎత్తకుండానే, "సముద్రం ముందు, పట్నం తర్వాత" అనేశాను.

అన్నాక చేతిలో పెన్ను ఆగిపోయింది. నేను థాయ్‌లాండ్ పోలేదు, పోయే ఆలోచన కూడా లేదు. ఆ మాట మా వదినది. ఇంక మాట్లాడేదేమీ లేదన్నట్టు ఆమె ఎలా అనేదో అలాగే నా నోట్లోంచి వచ్చింది. వదిన చనిపోయి ఏడాది కావస్తోంది. ఆ రోజంతా నాకు క్లాసులో పాఠం సాగలేదు.

వదిన పోయినప్పుడు పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట, పాపం నోట్లో నాలుక లేని మనిషి అని. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. తక్కువ మాట్లాడేది, నిజమే. కానీ ఆమె మాట్లాడకుండా ఎదురుగా కూర్చుంటే ఎంతటివాళ్ళకైనా చెమటలు పట్టేవి. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అందరికన్నా ఎక్కువ మా అన్నకు తెలుసు.

మా అమ్మకు షుగరు. తీపి ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అమ్మ ఆ మాట విన్నట్టే విని, బాదుషాలు తెప్పించుకుని బియ్యం డబ్బాలో దాచుకునేది. బియ్యం తీసుకునేది వదినే అన్న సంగతి ఆమెకు ఎందుకు తట్టలేదో నాకు తెలియదు. వదిన చూసింది. అరవలేదు, తీసి పారేయలేదు. పొద్దున అమ్మ చేతికి చాయ్ గ్లాసు ఇచ్చి, తనూ ఎదురుగా నేల మీద కూర్చుంది. కొంగు చివర పళ్ళ మధ్య పెట్టుకుని అమ్మ ముఖం చూస్తూ ఉంది. చాయ్ అయిపోయినా లేవలేదు. ఏందే గట్ల చూస్తున్నవ్ అని అమ్మ కసిరితే, ఏం లేదత్తమ్మా అంది. మర్నాడూ అంతే. చివరికి అమ్మే బయటపడింది, ఒక్కటంటే ఒక్కటే తిన్నానని, అది కూడా సగమేనని. వదిన లేచి చీర దులుపుకుని, సరే అత్తమ్మా అని పొయ్యి దగ్గరికి పోయింది. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

నేనైతే ఆ డబ్బా చూసిన నిమిషంలోనే అమ్మను పట్టుకుని దులిపేసేదాన్ని. వదినకు తప్పు పట్టుకోవడం మీద ఆసక్తి ఉండేది కాదు. ఏదీ అడిగేది కూడా కాదు. మనిషి తనంతట తాను చెప్పాలి. చెప్పేదాకా ఎన్నాళ్ళైనా అలాగే కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని ఉంటుంది. చెప్పేస్తే ఆమె వరకు అది అక్కడితో సరి.

ఆమెకు ఇంకొక పని ఉండేది మా ఇంట్లో. మంచి పని మీద ఎవరు బయలుదేరినా ముత్తైదువ ఎదురు రావాలని మావాళ్ళ పట్టింపు. ఆ ఎదురొచ్చేది ఎప్పుడూ వదినే. నీళ్ళ చెంబు పట్టుకుని ముందుగా వాకిట్లోకి పోయి, మనం గడప దాటగానే అటు నుంచి నెమ్మదిగా నడిచి వచ్చేది. దగ్గరికి వచ్చాక మన ముఖం ఒకసారి చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చేది. నా పరీక్షలకు, ఉద్యోగం ఇంటర్వ్యూకు ఆమే ఎదురొచ్చింది. వదిన ఎదురొస్తే పని అవుతుందని అన్నకు దేవుడి మీద ఉన్నంత నమ్మకం. ఒకసారి హైవే మీద గగన్‌పహాడ్ దాకా పోయినవాడు, ఆమె ఎదురు రాలేదని గుర్తొచ్చి, ఆ లారీల మధ్యలోంచి బండి తిప్పుకుని ఇంటికి వచ్చాడు. వచ్చి, ఎదురు రప్పించుకుని మళ్ళీ పోయాడు.

ఇక సముద్రం సంగతి. పెళ్ళైన కొత్తలో అన్న వదినకు ఒక మాట ఇచ్చాడు, ఇద్దరం కలిసి సముద్రం చూద్దామని. మామిడిపల్లి పక్కన పుట్టి పెరిగినవాళ్ళకు సముద్రం ఎక్కడిది? బావిలో నీళ్ళు ఆగితే అదే గొప్ప. తిరుపతి పోయి అటు నుంచి మద్రాసు పోదామని ఒకసారి అనుకున్నారు. కొండ దిగేసరికి బోరు మోటారు కాలిపోయిందని కబురు వచ్చింది, గుండ్లతో వెనక్కి వచ్చేశారు. ఇంకోసారి విశాఖపట్నానికి రైలు టికెట్లు కొన్నాక నాన్న మంచం పట్టాడు. ఆ తర్వాత పిల్లలు, వాళ్ళ చదువులు. పోగా పోగా, ఎప్పటికీ కాని పనికి మా ఇంట్లో సముద్రం అని పేరు పడిపోయింది. బాత్రూం తలుపు బాగుచేయిస్తావా, అది కూడా సముద్రమేనా అని అమ్మ అన్నను ఎత్తిపొడిచేది. అందరం నవ్వేవాళ్ళం. వదిన కూడా నవ్వేది. కాకపోతే అన్న వైపు ఒకసారి చూసి, అప్పుడు నవ్వేది.

అంతలో మా శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు వచ్చింది. మా పొలం దాని కిందికే పోయింది. అన్న ప్లాట్ల ఏజెంటు అయ్యాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు. కంకర నేల మీద నిలబడి, గిక్కడ పార్కు వస్తది, గిక్కడ స్విమ్మింగ్ పూలు వస్తది అని చెయ్యి చూపిస్తే కొనేవాళ్ళకు నీళ్ళ చప్పుడు వినిపించేది. అన్న చెడ్డవాడు కాదు. నా అన్న అని చెప్పడం లేదు, నిజంగానే కాదు. అబద్ధం చెప్పడానికి ఆయన కష్టపడనక్కర్లేదు, అంతే.

ఎక్కువ ప్లాట్లు అమ్మిన ఏజెంట్లకు వెంచర్ వాళ్ళు బ్యాంకాక్ టూరు ఇచ్చేవారు, సముద్రం ఒడ్డున కొన్నాళ్ళు కూడా కలిపి. ఆ రోజుల్లో మా శంషాబాద్ వైపు ఫలానావాడు బ్యాంకాక్ పోయిండంటే చాలు, మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేవాళ్ళు. ఆడవాళ్ళు తలలు తిప్పుకునేవాళ్ళు. అన్నకు మొదటిసారి టూరు వచ్చినప్పుడు, బెంగుళూరులో కంపెనీ మీటింగ్ ఉందని ఇంట్లో చెప్పి, దోస్తులతో కలిసి పోయాడు. పోయేముందు వదినను ఎదురు రమ్మన్నాడు. ఆమె చెంబు పట్టుకుని వచ్చింది.

మా అన్న తెలివి ఇక్కడే తెల్లారింది. వేరే ఊరివాడైతే ఈ అబద్ధం ఏళ్ళకేళ్ళు దాగేది. కానీ భూములు పోయిన ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఆ ఎయిర్‌పోర్టులోనే పనికి కుదిరారు. అక్కడ ట్రాలీలు తోసేది మావాళ్ళే, టాక్సీలు నడిపేది మావాళ్ళే, నేల తుడిచేది మావాళ్ళే. అలాంటి చోటి నుంచి దొంగచాటుగా విదేశం పోయి రావచ్చని అనుకున్నాడు మహానుభావుడు. వదిన చిన్నమ్మ కూతురు అప్పుడే అక్కడ హౌస్‌కీపింగ్‌లో చేరింది. ఇంట్లో ఆ మాట అనుకున్నా, ఆడవాళ్ళ ముచ్చట్లు ఆయన చెవికెక్కవు. బ్యాంకాక్ విమానం దిగినవాళ్ళు సామాను తీసుకునే చోట ఆ పిల్ల బావను చూసింది. పూల చొక్కా, ఎండకు మాడిన ముక్కు. ఆయన ఆమె పక్క నుంచే పోయాడు గానీ, చేతిలో తుడుపుకర్ర ఉన్న మనిషి ముఖం ఎవరు చూస్తారు?

సాయంత్రం ఆమె అక్కకు ఫోన్ చేసింది, సంబరంగా. బావ బ్యాంకాక్ నుంచి వచ్చిండు గద అక్కా, మాకేం తెచ్చిండు అని. అప్పటికి అన్న ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, బెంగుళూరులో ఒకటే వాన అని అమ్మకు చెబుతున్నాడు. వదిన ఫోన్ పెట్టేసి ఆయనకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఇది వదిన నాకు చెప్పింది ఎన్నో నెలల తర్వాత. పెళ్ళయ్యాక నేనుంటున్న మైలార్‌దేవ్‌పల్లి ఇంటికి వచ్చి, వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పింది. నాకు కోపం నెత్తికెక్కింది. అక్కడేం వెలగబెట్టి వచ్చాడో అని నోరు జారాను. వదిన తలూపింది, అది కూడా ఆలోచించానన్నట్టు. అడిగితే ఏదో ఒకటి చెప్తాడని, మాటలు ఆయనకు కొత్త కాదని అంది. కాసేపు ఈనెలు తీసి, ఉన్నట్టుండి చేతులు ఆపింది.

"సముద్రం చూసొచ్చిండు పిల్లా. నన్ను ఇడిసిపెట్టి చూసొచ్చిండు. పోతా పోతా నన్నే ఎదురు రమ్మన్నడు."

కళ్ళల్లో నీళ్ళు లేవు. ఇయ్యాలే పోయి నేను కడిగేస్తా అని లేచాను. వదిన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అడిగితే ఒప్పుకుంటడు. ఒప్పుకునుడు వేరు, చెప్పుడు వేరు. అడగకుంట చెప్పాలె. నువ్వు నోరిప్పితివంటే ఇగ నీకు నాకు మాటల్లేవు."

నా నోటి సంగతి ఆమెకు బాగా తెలుసు. అందుకే నా పిల్లల మీద ఒట్టు వేయించుకుంది.

మరుసటి ఏడు అన్నకు మళ్ళీ టూరు వచ్చింది, ఈసారి ఇద్దరికి. ఈసారి దాచడానికి వీల్లేకుండా వెంచర్ వాళ్ళు ఆయన ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ వేయించి శంషాబాద్ చౌరస్తాలో కట్టారు. పక్కన కొబ్బరిచెట్లు, నీలం నీళ్ళు. కూరగాయలకు పోయిన వదిన దాని కింద కాసేపు నిలబడి చూసిందట. ఆ రాత్రి నేనూ అక్కడే ఉన్నాను; అందరం అన్నం దగ్గర ఉండగా, ఇద్దరికంట గద, నేనొస్త అంది. అన్న గొంతులో ముద్ద అడ్డం పడింది. అది ఆడవాళ్ళు పోయే ఊరు కాదని ఆయన నోటిదాకా వచ్చింది, నేను చూశాను. అలా అంటే నీకెట్ల తెలుసని ఎవరైనా అడుగుతారు. అందుకని మింగేశాడు. వెంట వస్తానని అప్పటికే మాట తీసుకున్న దోస్తు ఆ సంగతి తెలిసి ముఖం మాడ్చుకున్నాడు. అమ్మ మాత్రం తెగ మురిసిపోయింది, కోడలు ఇమానమెక్కుతదని.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వదిన మా ఇంటికి వచ్చేది, మా కంప్యూటర్ కోసం. టూరు వాళ్ళు రెండు రకాలుగా చెప్పారు. ముందు బ్యాంకాక్ తిరిగి చివరి రోజులు సముద్రం ఒడ్డున గడపడం ఒకటి, ముందు సముద్రం చూసుకుని తర్వాత బ్యాంకాక్ రావడం ఒకటి. అన్న, ఆయన జతగాళ్ళు మొదటిదే బాగుందన్నారు, చివర్లో తీరిక దొరుకుతుందని. వదిన ఆ మాట పూర్తిగా వినను కూడా లేదు. సముద్రం ముందు, పట్నం తర్వాత అని తేల్చేసింది. ఎందుకని నేనడిగితే, ఇన్నేండ్లు ఆగిన, ఇంక పట్నం చూసేదాక గూడ ఆగాల్నా అంది.

నాకు దిగులు పట్టుకున్నది ఇక్కడే. ఆమె ఏదో మొగుణ్ణి ఇరుకున పెట్టడానికి వస్తానన్నదని మొదట అనుకున్నాను. కాదు, నిజంగా పోవాలని ఉంది ఆమెకు. పడుకున్న బుద్ధుడి గుడి ఎంత పొడుగుందో నన్ను చదివి చెప్పమనేది. పడవల మీద కూరగాయలు అమ్మే అంగడి బొమ్మ చూసి, గీ పడవలల్ల కూసుంటే తూకమెట్ల నిలుస్తదే అని ఆశ్చర్యపోయేది. సముద్రం బొమ్మ వస్తే మాత్రం వేలు తెర మీద పెట్టి, అలల వెంట నెమ్మదిగా జరిపేది. చీరతో నీళ్ళల్లో దిగడం కుదరదని మొదటిసారి చుడీదార్ కుట్టించుకుంది. ఇంట్లో వేసుకుంటే అమ్మ చూస్తుందని, మా ఇంట్లో తలుపు వేసుకుని తొడుక్కుని, గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచి చూసుకునేది. జొన్నరొట్టెలు ఎన్నాళ్ళు ఆగుతాయో ఎండబెట్టి చూసింది.

అలా సిద్ధమవుతూనే ఒక ఆదివారం, చుడీదార్ చేతులకు అంచు కుడుతూ, చెప్పింది. ఎయిర్‌పోర్టు గేటు దాటేలోపు ఆయన తనంతట తాను చెప్పాలి. చెప్పకపోతే తను లోపలికి పోదు. సాగనంపడానికి ఊరంతా వస్తుంది వదినా అన్నాను. రానీ అంది. వాపసు వచ్చి ఏం చేస్తావంటే, వంట చేస్తానంది. ఆ తర్వాత సూది ఆపి, నా వైపు చూడకుండా, "ఆయనకు ఇంకెప్పుడు ఎదురు రాను" అంది.

వినడానికి చిన్న మాటే. విడిపోతానని అనలేదు, పుట్టింటికి పోతాననలేదు. ఒకే ఇంట్లో ఉంటుంది, అన్నం పెడుతుంది. ఆ మనిషి బయటికి పోతుంటే మాత్రం ఎదురు రాదు. వదిన అన్న మాట మీద నిలబడుతుందని నాకు తెలుసు. ఆమె గేటు బయట నిలబడిపోతే మా అన్న బతుకు అక్కడితో రెండు ముక్కలవుతుంది, ఆ సంగతి ఆయనకే తెలియదు. చెబుదామంటే ఒట్టు.

ఇంకో ఆదివారం అన్న కూడా వచ్చాడు. తెర మీద సముద్రం ఉంది. వదిన కుర్చీలో, అన్న ఆమె వెనక నిలబడి చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ మైమరచిపోయాడు.

"నీళ్ళల్ల నిలవడితే పాదాల కిందికెళ్ళి ఇసుక జారిపోతది," అన్నాడు. "అల వెనుకకు పోతుంటే మనమే ముంగటికి పోతున్నట్టుంటది. జర సేపు చక్కరొస్తది."

వదిన వెనక్కి తిరగలేదు. తెర మీద పెట్టిన వేలు అక్కడే ఉంది. నేను అన్న ముఖంలోకి చూశాను, చెప్పు, ఇప్పుడే చెప్పు అన్నట్టు. ఆయనకు తెలివొచ్చింది. నా ముఖం, వదిన వీపు చూసి, సినిమాల చూసిన అన్నాడు. వదిన తలూపింది. కాసేపటికి కొంగు అంచు పళ్ళ మధ్యకు పోయింది. ఆ రోజు అన్నను చాయ్ కూడా తాగనీయకుండా పంపేశాను.

రోజులు దగ్గరపడుతుంటే అన్న చిక్కిపోయాడు. అవి తెలంగాణ బందుల రోజులు. పొద్దున్నే పేపరు తెప్పించుకుని ఎక్కడైనా బందు పిలుపు ఉందేమోనని వెతికేవాడట. టూరు ఆగిపోతే బాగుండని ఆయన ఆశ. ఆ వారం ఒక్క బందూ రాలేదు. వదిన ఎదుట కూర్చుంటే ఆయన అన్నం కలుపుతూనే ఉండేవాడు, తినేవాడు కాదు. ఒకరోజు నేను తట్టుకోలేక వదిన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను, ఒక్కసారి అడుగు, ఒక్కమాట అడిగితే పోయేదానికి అని. నా తల నిమిరి, నీకు ఓపిక లేదు పిల్లా అంది.

ఆ రోజు రానే వచ్చింది. మామిడిపల్లి నుంచి మావాళ్ళు వ్యాను మాట్లాడుకుని దిగారు. దండలు, పులిహోర టిఫిన్లు, తాగే నీళ్ళ క్యాన్లు. ఎయిర్‌పోర్టు ముందు గడ్డి మీద చాపలు పరిచి కూర్చున్నారు. విమానాలు లేచినప్పుడల్లా అమ్మ తలెత్తి దండం పెడుతోంది. వదిన కొత్త చీర కట్టుకుంది, చుడీదార్ సంచిలో ఉంది. అందరి దగ్గరా సెలవు తీసుకుని, లోపలికి పోయే గేటుకు కొంచెం దూరంలో సిమెంటు దిమ్మె మీద కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను.

అన్న రెండు బ్యాగులతో వచ్చాడు. పోదాం పా అన్నాడు. జర ఆగు అంది. విమానమంటే భయపడుతోందనుకుని ఆయన ధైర్యం చెప్పడం మొదలుపెట్టాడు. లేచేటప్పుడు చెవులు మూసుకుపోతాయని, చాక్లెట్ చప్పరిస్తే సరిపోతుందని. చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేశాడు. గేటు దగ్గర నుంచి టూరుకు వస్తున్న జతగాడొకడు కేకేశాడు. వాచీ చూసుకున్నాడు అన్న. వదిన కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని కదల్లేదు.

అప్పుడే లోపలి నుంచి వదిన చిన్నమ్మ కూతురు వచ్చింది, అక్కను సాగనంపుదామని. యూనిఫాం, మెడలో కార్డు. అన్న ఆమెను చూసి నువ్వు గీడ చేస్తున్నవా అని అడిగాడు.

"పోయినేటి సంది గీడనే బావా. నువ్వు అప్పుడు..." అని ఆమె ఏదో అనబోయింది.

వదిన ఆమె వైపు ఒక్క చూపు చూసింది. పిల్ల నోరు మూసుకుంది. లోపల పని ఉందని గొణిగి, అక్క చెయ్యి ఒకసారి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ చూపు అన్న చూశాడు. మెడలో కార్డు చూశాడు. ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం నా కళ్ళతో చూశాను. వదినకు తెలుసని, ఏడాదిగా తెలుసని, తెలిసి కూడా అడగలేదని ఆయనకు అర్థమైంది. ప్లాటు అమ్మేటప్పుడు తెరిచినట్టు నోరు తెరిచాడు. ఏదో ఒక కథ ఆ నోట్లో తయారవుతోందని నాకు తెలుసు. అది విన్న క్షణాన వదిన లేచి గడ్డి మీది చాపల వైపు నడుస్తుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి అన్న బ్యాగులు కింద పెట్టి, తెల్ల ప్యాంటుతోనే నేల మీద గొంతుక్కూర్చున్నాడు ఆమె ముందు. చాపల మీద నుంచి అందరూ ఇటే చూస్తున్నారు.

"పోయినేడు నేను బెంగుళూరు పోలే," అన్నాడు. "బ్యాంకాక్ పోయిన. సముద్రం చూసిన."

వదిన పళ్ళ మధ్య కొంగు వదిలేసింది.

"ఎట్లుండె?"

"మంచిగుండె."

"నేను యాదికొచ్చిన్నా?"

ఇన్ని రోజులుగా ఈ మనిషి ఒక్క నిజం చెబితే చాలని దేవుళ్ళకు మొక్కినదాన్ని, అబద్ధం చెప్పు అన్నా, ఒక్క అబద్ధం చెప్పు అని లోపల్లోపల బతిమాలుకున్నాను. ఎంతమందికి ఎన్ని చెప్పాడు, ఇదొక్కటి చెబితే ఏం పోయింది?

"రాలే," అన్నాడు తలవంచుకుని. "వాపసొచ్చేటప్పుడు, ఇమానం మన ఊరి మీదికెళ్ళి దిగుతుంటే యాదికొచ్చినవ్. భయమైంది. గా భయానికే ఇన్ని దినాలు చెప్పలే."

వదిన ఏడ్చింది. చప్పుడు లేకుండా, ముఖం దాచుకోకుండా ఏడ్చింది. మా నాన్న పోయినప్పుడు తప్ప ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అన్న అలాగే నేల మీద కూర్చున్నాడు, లెమ్మని చెప్పేదాకా లేవకూడదన్నట్టు. నాకు కూడా ఏడుపు ఆగలేదు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, ముక్కు తుడుచుకుని, ఊపిరి పీల్చుకుంది.

"నాకు గూడ భయమైంది," అంది. "చెప్పకుంటనే లోపలికి పోతవనుకున్న. ఇగ లే, పా."

అన్న రెండు బ్యాగులూ ఎత్తుకున్నాడు. గేటు దగ్గర జవాను టికెట్లు చూసి ఇద్దర్నీ పంపించాడు. అమ్మ చాప మీద నుంచి లేచి గబగబా నా దగ్గరికి వచ్చింది, ఏమైందే, ఎందుకేడ్చింది అంటూ. ఇమానమంటే భయమంట అన్నాను. ఇద్దరం అద్దాల దగ్గరికి పోయి నిలబడ్డాం. లోపల మనుషుల మధ్య వాళ్ళు నడుస్తున్నారు. కోడలు ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతుందని అమ్మ చూసింది. ఊపలేదు. ఇంత దూరం వస్తే కన్నెత్తన్నా చూడదా అని అమ్మకు కోపం వచ్చింది. వదినకు తీరిక ఎక్కడిది? ఎవరినీ ఏదీ అడగని ఆ మనిషి నడుస్తూ నడుస్తూ అన్న మోచెయ్యి పట్టుకుని ఆపుతోంది, ఏదో అడుగుతోంది, ఆయన చెప్పేది విని రెండడుగులు వేసి, మళ్ళీ ఆపి మళ్ళీ అడుగుతోంది.